బ్రేకుకి రాసిన దీపం నూనె

విజయనగరంలో సంగీతం చెప్పే రాజమణి గారికి ఒక అలవాటుంది. శిష్యులు ఏదైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు, విననట్టే ఊరుకుంటారు. కొత్తవాళ్ళు ఆవిడకి చెముడేమో అనుకుంటారు. పక్కింటి కుక్కర్ ఏ స్వరంలో కూసిందో చెప్పగల మనిషికి చెముడేమిటి, నా మొహం! జవాబు దానంతటదే ఎదురొచ్చేదాకా ఆవిడ కాచుకుని కూర్చుంటారు, అంతే.

ఆవిడ శిష్యురాలు సువర్చల ముప్పై దాటిన మనిషి. ఏళ్ళ తరబడి గురువుగారి వెనక కూర్చుని పాడింది కానీ, ఒంటరిగా వేదిక ఎక్కలేదు. అరకులో ఒక బడివాళ్ళు రాజమణి గారికి సన్మానం చేస్తామంటే తన కారులో తనే తీసుకొచ్చింది. సన్మానం అయ్యాక రాత్రి అక్కడే ఉండిపోయారు. తెల్లవారాక కొండ దిగి వెళ్ళాలి. ఆ సాయంత్రమే విజయనగరంలో సువర్చల మొదటి కచేరీ. అందులో తోడి రాగం విస్తరించి పాడాలని గురువుగారి మాట. తోడిలో పైస్థాయి స్వరం మీద నిలబడ్డప్పుడల్లా సువర్చల గొంతు వణుకుతుంది. ఆ వణుకు నలుగురూ వింటారన్న బెంగతో ఆమెకి అన్నం సయించడం మానేసింది. పొద్దున్నే కాఫీ చేతికిస్తూ ఉండబట్టలేక అడిగేసింది.

"అమ్మగారూ, తోడి వదిలేసి చిన్న కీర్తనలతో సరిపెట్టేస్తానండీ. వణుకు బయటపడదు. తప్పా?"

రాజమణి గారు కాఫీ ఊదుకుంటూ తాగి గ్లాసు కింద పెట్టారు. ఒక్క మాట లేదు.

కోపం వచ్చిందనుకుంది సువర్చల. ఆమె ప్రాణానికి ఇంకో దిగులు కూడా తోడైంది. కొండెక్కి వచ్చేటప్పుడు కారు బ్రేకు నొక్కినప్పుడల్లా కీచుమని అరిచింది. అరిచినప్పుడల్లా గురువుగారి నొసలు ముడిపడింది. ఇప్పుడు దిగేదారిలో అడుగడుక్కీ బ్రేకే, అడుగడుక్కీ ఆ అపస్వరమే! అసలే మాట్లాడని మనిషి. సువర్చల గబగబా లోపలికి వెళ్ళి గురువుగారి సంచిలోంచి దీపానికి తెచ్చుకున్న నువ్వుల నూనె సీసా పట్టుకొచ్చింది. తలుపు కీచుమంటే ఏం చేస్తాం? అదే చేసింది. ముందు చక్రాల కన్నాల్లోంచి, లోపల మెరుస్తున్న బ్రేకు డిస్కు మీదికి, రెండువైపులా ధారగా పోసింది. డిగ్రీ చదివిన మనిషి, బ్రేకంటే ఏమిటో తెలియక కాదు. గురువుగారి చెవుల మీద భక్తి ముందు ఆ తెలివి కాస్తా నిలవలేదు.

కారు బయల్దేరింది. కొంతదూరం చదును, ఆ తరవాత ఘాట్ రోడ్డు మొదలైంది. గట్టిగా బ్రేకు వెయ్యాల్సిన పని ఇంకా పడలేదు, కాలు తాకించినా ఎక్కడా కీచు లేదు. సువర్చల మనసు కాస్త తేలికపడింది.

"ఇది అరవడం మానేసిందేమే?" అన్నారు రాజమణి గారు ఉన్నట్టుండి.

"నూనె రాశానండీ!"

"ఎక్కడ?"

జవాబు చెప్పేలోగా మలుపు వచ్చేసింది. సువర్చల బ్రేకు నొక్కింది. కాలికింద బ్రేకు గట్టిగానే తగిలింది, కారు మాత్రం జారిపోతూనే ఉంది. ఇంకా బలంగా తొక్కింది. ఎదురుగా హారన్ కొట్టుకుంటూ బస్సు ఎక్కి వస్తోంది, అవతల లోయ. తన ప్రాణం సంగతి అటుంచి, ఈ పెద్దావిడని తన చేతులారా చంపేస్తున్నానే అనుకుంది. గేరు కిందికి లాగి, హ్యాండ్‌బ్రేకు గుంజి, స్టీరింగు కొండవైపు తిప్పింది. కారు గట్టుని రాసుకుంటూ వెళ్ళి రోడ్డు పక్క కాలవలో ఒరిగి ఆగింది.

"ఊపిరి వదలవే తల్లీ," అన్నారు రాజమణి గారు.

బస్సులోవాళ్ళు దిగి కారుని రోడ్డు మీదికి ఎత్తిపెట్టారు. బస్సు డ్రైవరు ఫోన్ చేస్తే దిగువ ఊరినుంచి పైడిరాజు అనే మెకానిక్ సామాన్లు వేసుకుని వచ్చాడు. చక్రం ఊడదీసి, వేలితో తడిమి, వాసన చూశాడు.

"ఎవులమ్మా ఇక్కడ నూనె పోసినారు?"

"నేనే," అంది సువర్చల. అతను డిస్కుని జిడ్డు వదిలే మందు కొట్టి తుడిచి, దాన్ని ఒరుసుకుని ఆపే ప్యాడ్లు నూనె పీల్చేసి ఉంటే వాటిని తీసి అవతల పడేశాడు. కొత్తవాటి అంచులు ఆకురాయితో కాస్త అరగదీసి, వాటి వీపుకి పల్చగా గ్రీజు రాశాడు. రాజమణి గారు వంగి చూస్తున్నారు.

"నువ్వూ రాస్తున్నావు కదా నాయనా?"

"ఇది ఎనకాలమ్మా. అరుపు పుట్టీది ఇక్కడ. ముందల రాత్తే ఎలాగ? అది రాపాడాల. రాపాడితేనే బండి ఆగుతాది."

"ఇంక అరవదు కదా?" అంది సువర్చల.

"కొత్తయి కదమ్మా, కొన్నాళ్ళు కూసింత అరుత్తాయి. అరిసినా ఆగుతాది, భయం లేదు."

నిజంగానే తరవాతి మలుపులో సన్నగా కీచుమంది, కారు బుద్ధిగా ఆగింది. సువర్చలకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ చప్పుడంత చల్లని మాట ఆమె పొద్దుటినుంచీ వినలేదు. పక్కకి చూసింది. గురువుగారి నొసలు ఈసారి ముడిపడలేదు.

సాయంత్రమైంది. తెర వెనక రాజమణి గారు తంబురా శ్రుతి చేస్తున్నారు. తెర సందులోంచి చూస్తే హాలు నిండిపోయి ఉంది. సువర్చల గురువుగారి పక్కన చేరి గొణిగింది.

"అమ్మగారూ, వణుకు అందరికీ వినపడిపోతుంది, నావల్ల కాదండీ. పోనీ ఈ ఒక్కసారికీ తోడి మానేయనా?"

పొద్దున కాఫీ దగ్గర ఊరుకున్న మనిషి ఇప్పుడు తంబురా ఆమె చేతికిచ్చి, మొహంలోకి చూశారు.

"మళ్ళీ నూనె సీసా పట్టుకొచ్చావుటే?"