మంచులో నక్క నేర్చుకున్న ఊళ

ఒకప్పుడు నక్కకు నోరుండేదే గాని, ఊళ ఉండేది కాదు. ఎంత పెద్ద మాటైనా గుసగుసగానే చెప్పేది.

ఆ రోజుల్లో కొండ మీది ఊళ్లో బుద్రి అనే పిల్ల ఉండేది. కొత్త కాలిబాట కనిపిస్తే చాలు, దాని అంతు చూడందే ఆమెకు అన్నం సయించేది కాదు. చలికాలం వస్తే మరీను. గడ్డి ఎండిపోయి, అన్నాళ్లూ దాక్కున్న బాటలన్నీ బయటపడేవి మరి.

ఒక పొద్దున తాతను వెంటబెట్టుకుని బయలుదేరింది. సగం కొండ ఎక్కేసరికి మంచు కమ్మేసింది. నాలుగడుగుల అవతల ఏమీ కనబడలేదు. అలాంటప్పుడు ముందు నడిచేవాళ్లు పిలవాలి, వెనకవాళ్లు పలకాలి. అది ఆ ఊరి కట్టుబాటు.

"ఓ..." అంది బుద్రి.

"ఓ... మెల్లగా పోవే, నావి ముసలికాళ్లు," అన్నాడు తాత.

అంతలో పక్క పొదల్లో రెండు కళ్లు మెరిశాయి. వాళ్లతో పాటే కదులుతున్నాయి. బుద్రి గభాలున రాయి విసిరింది. ఏదో చిన్నది తుర్రుమని మంచులోకి పారిపోయింది.

పొదలోంచి నక్క బయటికొచ్చింది.

"ఎంత పని చేశావే పిల్లా. మీరు నా బొరియ తొక్కకుండా పక్కనుంచి దాటిస్తున్నాను. నీ రాయికి నా కూన బెదిరిపోయింది. అటు లోయ ఉంది," అంది గుసగుసగా.

కూన వెంట దూకబోయిన నక్కకు బుద్రి అడ్డం నిలబడింది.

"వెతక్కు నక్కత్తా. నువ్విటు తిరిగితే అది నీకోసం అటు తిరుగుతుంది. పిలువు."

"నాకెక్కడ వచ్చు?"

"తలెత్తు. కడుపులోంచి గాలి తియ్యి."

నక్క తలెత్తింది. తుమ్మింది. మళ్లీ ఎత్తింది. కీచుమంది.

"మా ఇంటి తలుపు నయం," అన్నాడు తాత.

నక్కకు రోషం వచ్చింది. మెడ సాచి, కళ్లు మూసుకుని, ఉన్న ఊపిరంతా వదిలింది. "ఊ...ఊ...ఊ..."

కొండంతా మారుమోగింది. కాసేపు ఏమీ లేదు.

లోయ అంచునుంచి సన్నగా వినిపించింది. "ఊ..."

తల్లి పిలిచింది, కూన పలికింది. పలుకు పట్టుకుని తల్లి ఒక్కో అడుగే వేసింది. చివరికి కూనను మెడ పట్టి తెచ్చి బుద్రి కాళ్ల దగ్గర దించింది.

అప్పుడే ఎదుటి కొండమీద ఇంకో నక్క "ఊ..." అంది. దాని వెనక మరొకటి.

"వాళ్లెందుకు అరుస్తున్నారు? వాళ్ల కూన కాదుగా," అంది బుద్రి.

"ఎవరి కూనో వాళ్లకేం తెలుసు? ఎవరో పిలిచారు, పలికారు," అన్నాడు తాత.

అప్పటినుంచే, పొద్దు వాలాక ఒక నక్క ఊళ వేస్తే, విన్న నక్కలన్నీ ఎక్కడివక్కడ నిలబడి పలుకుతాయి.