జిల్లేడాకు కప్పిన మండె

అనగనగా ఏటి ఒంపులో ఒక ఊరు, ఆ ఊళ్లో నూకాలు అనే రైతుబిడ్డ. ఆమెకున్నది చిన్న మడి. అందులో వరి తక్కువ, ఊదగడ్డి ఎక్కువ. పీకీ పీకీ నూకాలు నడుము పడిపోయింది గానీ ఊద మాత్రం తగ్గలేదు.

ఒకనాడు ఊరిపెద్ద వీర్రాజు వచ్చి ఖండితంగా చెప్పేశాడు. "చూడమ్మా నూకాలూ, ఇది రాజుగారి భూమి. ఈ ఏడూ గడ్డే పండిస్తే మడి ఇంకొకరికి ఇచ్చేస్తాను. నన్నేమీ అనుకోకు."

నూకాలు ఇంటికెళ్లి విత్తనం వెతుక్కుంది. ఇంట్లో మిగిలినవి మూడు కుంచాల విత్తనపు వడ్లే.

మొదటి కుంచం నానబోసి, బుట్టకెత్తి మండె కట్టింది. మండె అంటే తెలుసుగా, నానిన వడ్లను వెచ్చగా కప్పి మొలకెత్తించడం. ఏటా ఎండుగడ్డి కప్పేది. ఈసారి కరువుకి గడ్డంతా ఎడ్లు తినేశాయి. గట్టు మీద జిల్లేడు దండిగా ఉంది కదా అని ఆ ఆకు తెంపి కప్పింది. మూడోనాడు తీసి చూస్తే ఒక్క మొలకైనా లేదు.

"దిష్టి తగిలిందే," అంది అత్త అప్పలమ్మ.

సరేనని దిష్టి తీశారు. వెచ్చదనం చాల్లేదేమోనని రెండో కుంచానికి జిల్లేడాకు మరింత మందంగా కప్పారు. చూశారా తెలివి! ఆ వడ్లు కుళ్లి కంపు కొట్టాయి.

నూకాలు పెరట్లో కూలబడి ఏడ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే ఒక వింత కనబడింది. మొన్నటి వానకి పెరడంతా గడ్డి మొలిచింది. బుట్టల్లోంచి నీళ్లు కారిన చోట మాత్రం నేల బోడిగా ఉంది.

"అత్తా, ఇది దిష్టి కాదు. ఈ ఆకు రసమే మొలకని చంపుతోంది."

"అయితే ఆ పాడు ఆకుని తగలెట్టు."

"తగలెట్టను. ఊద కూడా విత్తనంలోంచి మొలిచేదే కదా?"

మూడో కుంచానికి పాత కోకలు కప్పింది. మూడోనాటికి వడ్లన్నీ మోసులెత్తాయి. వాటిని ఏటి ఒడ్డున నారు పోసింది. నారు ఎదిగేలోగా మడి నిండా జిల్లేడాకు వేసి తొక్కి, నీళ్లు పెట్టింది. నారు జానెడయ్యాక తెచ్చి నాటింది. అప్పటికే వేళ్లు బలిసిన మొక్కలు కదా, ఆకు రసానికి జంకలేదు. ఊద గింజలు మాత్రం మట్టిలోనే ఉండిపోయాయి. అక్కడక్కడా తలెత్తిన నాలుగు పరకల్ని అప్పలమ్మ పీకేసింది.

కోతలనాడు వీర్రాజు గట్టు మీదికొచ్చి చూస్తే మడి నిండా వరే. "ఏం మంత్రం వేశావమ్మా?"

మంత్రమే అంటే ఊరంతా నమ్మేది, ఆమెకి దండాలు పెట్టేది. నూకాలు అలా అనలేదు. "రెండు కుంచాల వడ్లు పాడుచేసుకుని నేర్చుకున్నానయ్యా," అని జరిగిందంతా విప్పి చెప్పింది.

మడి ఆమెకే ఉండిపోయింది. మరుసటేడు ఊళ్లో అందరూ జిల్లేడాకు కోసం గట్ల మీద పడ్డారు. అప్పలమ్మ మాత్రం, దిష్టి కూడా కొంత ఉందిలే అని ఇప్పటికీ అంటుందట.

కాబట్టి పిల్లలూ, చేటు చేసిందని దేన్నీ పారెయ్యకండి. దాని చోటేదో కనిపెట్టి అక్కడ ఉంచితే, అదే మీకు మేలు చేస్తుంది.