రామక్క వీధి సభ

ఆ వారం సంఘం ఆఫీసు తలుపు తీసేందుకు కూడా మనిషి మిగల్లేదు.

చౌడేశ్వరి లా చదివి, కోర్టు వదిలేసి, కొండ కింద కాలనీ కోసం ఏళ్లుగా తిరుగుతున్న మనిషి. కొండమీద కంకర క్వారీలో పేలుళ్లు పెట్టినప్పుడల్లా కాలనీ ఇళ్ల గోడలు బీటలు వారేవి. ఒకసారి రాయి ఎగిరొచ్చి రామక్క ఇంటి కప్పు మీద పడింది. కప్పు కింద పడుకున్న ఆమె మొగుడి కాలు పోయింది. ఊళ్ళకు దగ్గరగా పేల్చొద్దన్నదే సంఘం అడిగేది. ఈ ఎన్నికల్లో నిలబడ్డ ఇద్దరి చేతా ఆ మాట జనం ముందు అనిపించాలని చౌడేశ్వరి ఆ ఆదివారం సాయంత్రానికి కాలనీ మైదానంలో సభ తలపెట్టింది.

నిలబడ్డవాళ్లలో ఒకడు క్వారీ యజమాని బావమరిది. రెండోవాడు డబ్బులో అతనికేమీ తీసిపోడు. ఖర్చుకు హద్దుందని చట్టం అంటుంది. ఆ హద్దు నిలబడ్డవాడికే గాని, వాడి వెనక నిలబడ్డవాళ్లకు లేదు. ఊరి గోడలన్నీ రంగు మారాయి. సంఘం పోస్టర్లు అంటించిన కుర్రాళ్ల మెడల్లో ఇప్పుడు కండువాలు వేలాడుతున్నాయి. రోజుకూలీ ఇస్తారు, పూట పూటా బిర్యానీ పెడతారు. ఆదివారం సాయంత్రమే బావమరిది ఊరి మధ్యలో పాటకచేరీ పెట్టిస్తున్నాడని కూడా తెలిసింది.

అప్పుడు కాంట్రాక్టర్ జయరామప్ప చౌడేశ్వరిని పిలిపించాడు. వేదిక, లైట్లు, మైకులు, జనాన్ని తెచ్చే వ్యాన్లు, భోజనాలు అన్నీ తానే చూసుకుంటానన్నాడు. ఎన్నికలు అయ్యేదాకా ఎంత కావాలంటే అంత. తన పేరు ఎక్కడా రావద్దన్నాడు. అతనికి పక్క కొండలో కంకర కొట్టే క్రషర్ ఉందని, ఈ క్వారీ మూతపడితే లాభం అతనికేనని ఆమెకు తెలుసు. సాయంత్రంలోగా మాట చెప్పమన్నాడు.

ఆమె నేరుగా ఊరి చివర దర్గాకు వెళ్లింది. దర్గా చూసుకునే హుస్సేనయ్య సామే ఒకప్పుడు ఆ సంఘం మొదలుపెట్టినవాడు. ఆమెకు పని నేర్పినదీ ఆయనే. సామి అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్నారు.

ఆమె నిలబడే అంతా చెప్పింది. నిజాయితీగా ఉండి ఖాళీ మైదానంలో నిలబడేకంటే, ఎవడి డబ్బుతోనైనా జనాన్ని నింపడమే మేలనిపిస్తోందంది. తప్పయితే ఇప్పుడే చెప్పమంది.

సామి తప్పనీ ఒప్పనీ అనలేదు. ఒలిచిన గింజలు ఆమె చేతిలో పోశారు. చెప్పులు వేసుకున్నారు.

"పద, ఆకలయితాంది. రామక్క ఇంట్లో తిందాం."

"సామీ, సాయంత్రంలోగా జయరామప్పకు..."

"సాయంత్రానికి ఇంకా పొద్దుండాది గదా."

దారి పొడుగునా ఆమె ఫోను మోగుతూనే ఉంది. రెండుసార్లు జయరామప్ప మనిషి. ఒకసారి సభకు సాయం పడతానన్న ఒక్క కుర్రాడు, జ్వరమొచ్చిందని, ఆదివారం రాలేనని. జ్వరం కాదని ఆ కుర్రాడికీ ఆమెకూ తెలుసు.

వాళ్లు వెళ్లేసరికి రామక్క వాకిట్లో ఉంది. వాళ్లను చూడగానే గబగబా లోపలికి వెళ్లి ఏదో బట్ట కప్పింది. బట్ట కింద నుంచి కొత్త కుక్కర్ పిడి కనబడుతోంది. దాని మీద బావమరిది ఎన్నికల గుర్తు అంటించి ఉంది.

చౌడేశ్వరికి ఒళ్లు మండింది. ఈ ఇంటికి ఆమె ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లింది తనే, పింఛను ఇప్పించింది తనే, కలెక్టరు ఆఫీసు మెట్లెక్కింది తనే. కాలు పోగొట్టిన వాళ్ల చేతుల్లోంచి కుక్కర్ ఎలా తీసుకోబుద్ధయింది? ఆ మాట నోటిదాకా వచ్చింది.

సామి ముందే గడపలో కూర్చున్నారు.

"రామక్కా, ఆకలేస్తాంది. కొంచెం అన్నం పెడతావా?"

రామక్క తల ఎత్తలేదు. పొయ్యిమీద ఎసరు పెడతానని, ఆలస్యమవుతుందని గొణిగింది.

"ఆ కొత్త దాంట్లో పెట్టు. బిరీన అయితాది."

రామక్క ఏడ్చింది. ఏడుస్తూనే బియ్యం కడిగింది. లోపల మంచం మీద ఆమె మొగుడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. కుక్కర్ కూత వేసేదాకా చౌడేశ్వరి గోడ బీటలోకి చూస్తూ కూర్చుంది. పోయినసారి వచ్చినప్పుడు అందులో వేలు పట్టేది. ఇప్పుడు చెయ్యి పడుతుంది.

సామి అన్నంలో పచ్చిపులుసు పోసుకుని కడుపునిండా తిన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చాక అన్నారు.

"ఆదివారం సభ ఉండాది. మనుషుల్లేరు. ఈ వీధిని నువ్వు పిలుచుకొస్తావా?"

రామక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆయన్నొకసారి, చౌడేశ్వరినొకసారి చూసింది.

"నేనా?"

"నువ్వే."

"నన్ను ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు సామీ."

"చౌడమ్మ అడగలేదా?"

"ఆ తల్లి పాపం అన్నీ తానే చేసిపెట్టేది" అంది రామక్క. "నన్నేం అడుగుతాది?"

అది మెచ్చుకోలుగానే అన్నది. చౌడేశ్వరి చేతిలో అన్నం కంచం అలాగే ఉండిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు సామి వేరే ఏవో మాటలు చెప్పారు, వానలు లేవని, దర్గా గోడకు సున్నం వేయించాలని. జయరామప్ప మాట ఎత్తనేలేదు. కాలనీ దాటాక చౌడేశ్వరి ఆగి, తనే ఫోను చేసి, సాయం వద్దని చెప్పింది. జయరామప్ప ఖాళీ నేలకు ప్రసంగం చెప్పుకోమని నవ్వి పెట్టేశాడు.

మిగిలిన రోజుల్లో ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ఇదివరకూ తిరిగినట్టు కాదు. కరపత్రం ఇవ్వలేదు, ధైర్యం చెప్పలేదు. ఒక ఇంట్లో చాప అడిగింది. ఇంకో ఇంట్లో కుండ నీళ్లు అడిగింది. పక్కింటివాళ్లతో మాట్లాడి పెట్టమని అడిగింది. అడగడానికి మొదట్లో నోరు రాలేదు. కొందరు తలుపు మూసుకున్నారు. కొందరు సరేనన్నారు, ఆ సరేలో నమ్మకం కనబడలేదు.

ఆదివారం సాయంత్రం కుర్చీలవాడు రాలేదు. మైకువాడి ఫోను కలవలేదు. ఊరి మధ్యలో కచేరీ పాటలు మొదలై, కాలనీదాకా వినబడుతున్నాయి. చౌడేశ్వరి మైదానంలో ఒంటరిగా నిలబడింది. సామి ఒక మూల రాయి మీద కూర్చుని ఉన్నారు. జయరామప్ప నవ్వు చెవిలో మోగుతోంది. సామి వైపు చూసింది. ఆయన కాలికి గుచ్చుకున్న పల్లేరుకాయ తీసుకుంటున్నారు.

పొద్దు వాలుతుండగా రామక్క వీధి మలుపులో కనబడింది. చంకలో చాప. వెనక ఇద్దరు ముసలమ్మలు. ఆ వెనక వీధి. వీధి వెనక ఇంకో వీధివాళ్లు, సగం దూరంలో ఆగి చూసి, మళ్లీ నడిచి వస్తున్నారు. ఎవరి చాప వాళ్లే పరుచుకున్నారు. రామక్క మొగుణ్ణి ఇద్దరు మనుషులు మంచంతో సహా మోసుకొచ్చారు.

జనం ఇంకా సర్దుకోకముందే జీపు వచ్చి ఆగింది. బావమరిది కండువాలవాళ్లు దిగారు. పర్మిషన్ ఉందా అని వాళ్లలో పెద్దవాడు అడిగాడు. చౌడేశ్వరి కాగితం చూపించింది. అతను దాని వంక చూడలేదు.

"ఈ సభ ఎవరిది? ఎవరు పెట్టించినారు?"

ముందు వరసలోవాళ్లు చాపలు చుట్టడానికి లేచారు. చౌడేశ్వరి నోట్లో జవాబు సిద్ధంగా ఉంది, సెక్షన్లతో సహా. ఆమె మింగేసింది.

"రామక్కా, నువ్వు చెప్పు."

రామక్క లేచింది. జీపు వంక, మొగుడి మంచం వంక చూసింది.

"మా వీధిది" అంది. "కూర్చుంటే కూర్చోండి. లేకుంటే దారి ఇడవండి, ఇంగా వచ్చేటోళ్లు ఉండారు."

లేచినవాళ్లు కూర్చున్నారు. జీపువాళ్లు కాసేపు నిలబడ్డారు. తర్వాత జీపును వెనక్కి తీయాల్సి వచ్చింది, ఎందుకంటే దారంతా నిజంగానే మనుషులున్నారు.

పోటీలో నిలబడ్డ ఇద్దరిలో ఎవరూ ఆ సభకు రాలేదు. ఎన్నికల్లో బావమరిదే గెలిచాడు. ఫలితం వచ్చిన మర్నాడే కొండమీద పేలుడు వినబడింది.

చౌడేశ్వరి దర్గాకు వెళ్లి, అరుగు కింద కూర్చుంది.

"ఓడిపోయినాం సామీ."

"వీధి ఏమంటాంది?"

పొద్దున రామక్క మనిషిని పంపింది. రేపు వీధంతా, పేలుళ్లు ఆపమని గెలిచినాయన ఇంటిముందు కూర్చోవడానికి పోతోందట. చౌడమ్మకు వీలుంటే తనూ రావాలని కబురు. ఆ నిర్ణయం ఎప్పుడు చేశారో, ఎవరు చేశారో ఆమెకు తెలియదు.

ఆ సంగతి చెప్పి, ఇప్పుడు తనేం చెయ్యాలని అడిగింది.

సామి ఆమె ముఖంలోకి చూశారు.

"పిలిచినారు గదా" అన్నారు. "పో తల్లీ."