పెళ్లిపాటలు దోచిన మ్రోకష్

విస్తులా అని ఒక పెద్ద నది. దాని ఒడ్డున, మన తాతల తాతలు కూడా పుట్టకముందు, జెమోవిత్ అనే రాజు ఉండేవాడు పిల్లలూ. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు బోల్కో, నడిపివాడు మెష్కో, చిన్నవాడు లెష్కో.

ఆ దేశంలో చలి ఎక్కువ. అందుకేనేమో, వాళ్లకి ఆటాపాటా అంటే ప్రాణం. జంటలు జంటలుగా చేతులు పట్టుకుని హుందాగా నడిచే ఆట పొలొనెజ్. గుర్రప్పిల్లల్లా ఎగిరెగిరి దూకే ఆట క్రకోవ్యాక్. ఫిడేలు ఉరుకుతుంటే బొంగరాల్లా గిరగిరా తిరిగే ఆట ఒబెరెక్. ఈ మూడూ ఆడందే అక్కడ పెళ్లి పెళ్లి కాదు.

బోల్కో పొలొనెజ్ నడిస్తే జనం నోరు తెరుచుకుని చూసేవారు. మెష్కో క్రకోవ్యాక్ దూకితే దుమ్ము లేచేది. లెష్కో ఏ ఆట ఆడినా పక్కవాళ్ల కాళ్లు తొక్కేవాడు. తొక్కి, "క్షమించండి" అని, ఇంకొకరి కాలు తొక్కేవాడు.

ఒక ఏడాది కోతల పండుగకి మ్రోకష్ అనే మాంత్రికుడు వచ్చాడు. నల్లటి పొడుగుకోటు, నడుముకి ఒక తోలుసంచి. ఆ పాటలు వింటూంటే అతనికీ ఆడబుద్ధేసింది. గుంపులో దూకాడు. కోటు కాళ్లకి చుట్టుకుని గడ్డికుప్పలో బోర్లాపడ్డాడు. అందరూ పకపకా నవ్వారు.

"నవ్వుతారా? ఇక మీరెలా ఆడతారో నేనూ చూస్తాను" అని సంచి మూతి విప్పాడు.

అంతే. ఫిడేళ్లలోంచి, డోళ్లలోంచి, మనుషుల గొంతుల్లోంచి పాటలన్నీ పొగలా లేచి సంచిలో దూరిపోయాయి. మ్రోకష్ మూతి బిగించి, కోటు దులుపుకుని, గాలిలో కలిసిపోయాడు.

ఇక ఆ దేశంలో ఫిడేలు మీద కమాను లాగితే చప్పుడు లేదు. పాట లేదు కాబట్టి ఆట లేదు, ఆట లేదు కాబట్టి పెళ్లి లేదు. మూడేళ్లు ఇలాగే గడిచింది. ఒక ముసలమ్మ రాజుగారి కొలువుకి వచ్చి మొరపెట్టుకుంది.

"మారాజా, మా పెద్ద మనవరాలికి కుట్టించిన పెళ్లి లంగా దానికి పొట్టిదైపోయింది. ఇప్పుడు దాని చెల్లెలికి సరిపోతోంది. అదీ ఎదిగిపోయేలోపు ఏదో ఒకటి చెయ్యండి."

రాజు సిగ్గుతో తలవంచుకున్నాడు. బోల్కో లేచి, "ఏడు సముద్రాల అవతల ఉన్నాడట ఆ మాంత్రికుడు. పాటల సంచి నేను తెస్తాను" అని వెళ్లాడు. తిరిగి రాలేదు. మెష్కో వెళ్లాడు. అతనూ తిరిగి రాలేదు. అప్పుడు లెష్కో తండ్రి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నీకు సరిగ్గా అడుగు వెయ్యడమే రాదు కదరా నాన్నా" అన్నాడు రాజు.

"రాదు నాన్నగారూ. దారిలో నేర్చుకుంటాను."

వెళ్లగా వెళ్లగా ఒక బురదగుంటలో గుర్రప్పిల్ల కూరుకుపోయి కనిపించింది. లెష్కో నడుముకి తాడు కట్టుకుని దాన్ని బయటికి లాగాడు. "నీకేం చెయ్యను?" అంది గుర్రప్పిల్ల. "దూకడం నేర్పు" అన్నాడు లెష్కో. మెట్ట దాటేదాకా ఇద్దరూ పక్కపక్కనే దూకుతూ వెళ్లారు.

ఆ తర్వాత అడవి. అడవిలో ఒక ఎలుగుబంటి, అరిపాదంలో ముల్లు దిగి మూలుగుతోంది. లెష్కో ముల్లు తీశాడు. "నీకేం చెయ్యను?" అంది ఎలుగుబంటి. "గిరగిరా తిరగడం నేర్పు, ఎలుగన్నా." ఎలుగు అతని నడుము పట్టుకుని తిప్పింది. నాలుగు చుట్లకే లెష్కో చెట్టుకి కొట్టుకున్నాడు.

"నేల చూస్తున్నావు కదూ?" అంది ఎలుగు. "నేల చూస్తే కళ్లు తిరుగుతాయి. నా కళ్లలోకి చూడు. లోకం తిరుగుతుంది, నువ్వు తిరగవు."

నిజమే. చూస్తే ఎలుగుబంటి కళ్లు కూడా చాలా మంచివి.

సముద్రపు ఒడ్డున వలలో కాలు చిక్కిన కొంగ కనిపించింది. లెష్కో చిక్కు విడదీశాడు. ఆ కొంగ అతనికి నడక నేర్పింది. "మెడ ఎత్తు. తొందరపడకు. నేల ఎక్కడికీ పారిపోదు నాయనా" అంటూ ఇసుకలో అటూ ఇటూ నడిపించింది. నడక కుదిరాక అతన్ని వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

మ్రోకష్ కోటలో పెద్ద హాలు. హాలు నిండా కొయ్యబొమ్మలు. ఒక బొమ్మ ఒంటికాలి మీద ఉంది, అది బోల్కో. ఇంకోటి గాల్లోకి చేతులు చాపి ఉంది, అది మెష్కో. లెష్కోకి దుఃఖం ఆగలేదు. అన్నల కొయ్యచేతులు పట్టుకుని ఏడుస్తుంటే, గింజల గిన్నె పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది.

"నేను కొండరాజు కూతుర్ని, హల్ష్కాని" అంది మెల్లిగా. "అదిగో, ఆ పంజరంలో గోరువంక ఉందే, మ్రోకష్ ప్రాణం దాన్లోనే ఉంది. అతను పెడితే అది మేత ముట్టదు. అందుకని నన్ను ఎత్తుకొచ్చాడు. కానీ అతను ఎదురుగా ఉంటేనే ఆ పంజరం తలుపు తెరుచుకుంటుంది. అప్పుడేమో గద్దె దిగడు, పంజరం మీంచి కన్ను తియ్యడు."

"అంత బాగా ఆడే మా అన్నలు ఇలా ఎందుకయ్యారు?"

"మ్రోకష్ పెట్టే ఆటల పందెంలో ఓడారు. ఒంటరిగా ఆడారు. తూలినప్పుడు పట్టుకునే చెయ్యి లేదు."

ఇంతలో మ్రోకష్ వచ్చి గద్దె మీద కూర్చున్నాడు. "ఇంకొకడా? సరే. మూడు ఆటలూ తప్పు లేకుండా ఆడు, సంచి ఇస్తాను. తప్పితే నువ్వూ కొయ్యబొమ్మవే."

"అలాగేనండి. కానీ మా ఆటలు జంట ఆటలు. ఈ అమ్మాయి నాతో ఆడాలి."

మ్రోకష్ నవ్వి ఒప్పుకున్నాడు. సంచి మూతి కొంచెం వదులుచేశాడు. పొలొనెజ్ పాట బయటికి వచ్చింది. లెష్కో మెడ ఎత్తి, హల్ష్కా చెయ్యి అందుకుని నడిచాడు. తప్పు లేదు. క్రకోవ్యాక్ వచ్చింది. ఇద్దరూ దూకారు. తప్పు లేదు. ఒబెరెక్ వచ్చింది. మ్రోకష్ కావాలని సంచిని నొక్కి పాటను ఉరికించాడు. వాళ్లు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ తిరిగారు, తిరిగారు, పాటే అలసిపోయి ఆగింది.

"ఇంకోసారి ఆడితే గానీ ఇవ్వను" అన్నాడు మ్రోకష్.

మాట తప్పాడని లెష్కోకి కోపం వచ్చింది. కానీ అప్పుడే గద్దె కింద మ్రోకష్ పాదం తాళం వేస్తూ కనిపించింది.

"అయ్యా, ఇన్నేళ్లుగా ఇంతమంది ఆడగా చూశారు. మీరు ఆడితే మాకంటే బాగుంటుందని నాకనిపిస్తోంది" అన్నాడు.

మ్రోకష్ ముఖం చిన్నబోయింది. "నేను పడిపోతాను" అన్నాడు, పిల్లాడిలా.

"పడరు. మీ కాళ్ల వైపే చూసుకుంటూ తిరగండి. కన్ను పక్కకి తిప్పకండి."

మ్రోకష్ గద్దె దిగాడు. కాళ్ల వైపే చూసుకుంటూ ఒబెరెక్ మొదలెట్టాడు. మొదట మెల్లగా, తర్వాత హుషారుగా, తర్వాత ఆగలేక. కళ్లు తిరిగి నేల మీద చతికిలబడి తల పైకెత్తేసరికి గోరువంక హల్ష్కా చేతిలో ఉంది.

"దాన్ని నలపకమ్మా" అని దణ్ణం పెట్టాడు మ్రోకష్.

"నలపను. సంచి విప్పు. వీళ్లందరినీ మనుషుల్ని చెయ్యి."

మ్రోకష్ సంచి బోర్లించాడు. పాటలన్నీ కిటికీల్లోంచి ఇంటిదారి పట్టాయి. మెష్కో ప్రాణం రాగానే ఆగిపోయిన గెంతు పూర్తిచేసి బోల్కో మీద పడ్డాడు.

హల్ష్కా గోరువంకని గాల్లోకి వదిలేసింది. అది రివ్వున అడవిలోకి పోయింది. తన ప్రాణం ఇక ఏ కొమ్మ మీద వాలుతుందో మ్రోకష్‌కే తెలియదు. ఆ రోజు నుంచి అతను ఏ పిట్టనీ అదిలించలేదు, ఏ చెట్టునీ కొట్టలేదు, అందరితోనూ మర్యాదగా ఉన్నాడు.

కొంగ ఒక్కొక్కరినీ సముద్రాలు దాటించింది. రాకుమారులు, హల్ష్కా ఇంటికొచ్చేసరికి దేశమంతా పెళ్లిళ్లే. లెష్కో, హల్ష్కా తమ పెళ్లికి వంతు వచ్చేదాకా ఆగారు. వాళ్ల వంతు మంచు పడే వేళకి వచ్చింది. కొండరాజు బళ్ల నిండా తేనె వేసుకుని దిగివచ్చి, కూతుర్ని చూసి కళ్లు తుడుచుకున్నాడు. అన్నలిద్దరూ ఫిడేలువాళ్ల పక్కన నిలబడి తాళం వేశారు.

"సింహాసనం చిన్నవాడిదే" అని పెద్దవాడే ముందు అన్నాడు. అలా లెష్కో రాజయ్యాడు. జుట్టంతా తెల్లబడ్డా ఏటేటా కోతల పండుగలో హల్ష్కా చెయ్యి పట్టుకుని జంటలన్నిటికీ ముందు ఆయనే నడిచేవాడు. అప్పుడప్పుడూ ఆమె కాలు తొక్కేవాడు కూడా. ఆమె నవ్వి, చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకునేది. వాళ్ల వెనక దేశమంతా నడిచేది.