బెజ్జాల ఆపరేషన్

మద్దిలేటి చనిపోయాక డాక్టర్ ఫణిధర్ చాలా రోజులు ఆపరేషన్ థియేటర్ గడప తొక్కలేదు.

కడుపు కోయకుండా, చిన్న చిన్న బెజ్జాల గుండా కెమెరానూ పనిముట్లనూ లోపలికి పంపి, తెరమీద చూసుకుంటూ కిడ్నీ తీసే విద్య అతనిది. నేర్పింది గఫూర్ సార్. సీమలో ఆ పని నేర్చుకోవాలనుకున్న సర్జన్లంతా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. వాళ్లందరిలోకీ ఫణిది వాటమైన చెయ్యి. ఆ సంగతి ఫణికీ తెలుసు. తను మొదలుపెట్టిన కేసు ఒక్కటి కూడా కడుపు తెరిచేదాకా పోలేదని తోటివాళ్ల దగ్గర చెప్పుకునేవాడు.

మద్దిలేటికి రాళ్లతో పాడైపోయిన కిడ్నీ తీస్తుండగా పెద్ద రక్తనాళం చిరిగింది. తెరంతా ఎర్రబడిపోయింది. పక్క థియేటర్ నుంచి గఫూర్ సార్ పరుగున వచ్చి, కడుపు తెరిచి, నాళం దొరకబుచ్చుకునేసరికే ఆలస్యమైపోయింది.

మద్దిలేటి భార్య సుంకమ్మ శవం మీది దుప్పటి తొలగించి చూసింది. ఏడవలేదు. ఫణి ముఖంలోకి చూసి, "బెజ్జాలతోనే అంటిరి కదా సార్, ఇంత కోత యాల పడె?" అని అడిగింది.



"మా చేతుల్లోనే పోయాడమ్మా. తప్పు మాదే" అన్నారు గఫూర్ సార్, ఫణి పక్కన నిలబడి.

ఆ తర్వాత ఫణికి అన్నం సయించలేదు. కళ్లు మూస్తే ఎర్రటి తెర. ఒకరోజు ట్రైనింగ్ గదిలోకి వెళ్లి, జూనియర్లు కుట్లు నేర్చుకునే ప్లాస్టిక్ పెట్టె ముందు కూర్చున్నాడు. ప్రాణంలేని ఆ పెట్టెలో కూడా సూది అతని మాట వినలేదు. లేచి తిన్నగా గఫూర్ సార్ గదికి వెళ్లాడు.

"నేను మానేస్తాను సార్. ఈ చేతులతో ఇంకొకరిని ముట్టుకోలేను."

ఆయన ఓదార్చలేదు. తిట్టనూ లేదు.

"వచ్చే వారం వర్క్‌షాపులో నేను ఆపరేషన్ చేసి చూపిస్తున్నాను. నాకు కెమెరా పట్టేవాళ్లు కావాలి. ఆ పూట వచ్చి పట్టుకో. తర్వాత నీ ఇష్టం."

కెమెరా పట్టడం కొత్తగా చేరినవాళ్ల పని. తనకు అదే ఎక్కువనుకుని ఫణి తలూపాడు.

వర్క్‌షాపుకు ఎక్కడెక్కడి నుంచో సర్జన్లు వచ్చారు. కింద హాల్లో కూర్చుని, పైన గఫూర్ సార్ చేస్తున్న ఆపరేషన్‌ను పెద్ద తెరమీద చూస్తున్నారు. బల్లమీద ఒక నడివయసు ఆవిడ. తీసేయాల్సిన కిడ్నీ చుట్టూ పాత చీము గట్టిపడి, అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఏది నాళమో ఏది కండో తెలియడం లేదు. గఫూర్ సార్ ఓపిగ్గా అటునుంచి చూశారు, ఇటునుంచి చూశారు. ఆగిపోయారు.

హాల్లోంచి మైకులో ఎవరో అన్నారు: "సార్, ఇంకొంచెం పైనుంచి వస్తే దారి దొరుకుతుందేమో."

"దొరకొచ్చు" అన్నారు గఫూర్ సార్. చేతిలోని పనిముట్లు బయటికి తీసి ట్రేలో పెట్టేశారు. "బ్లేడ్ ఇవ్వండి సిస్టర్. ఓపెన్ చేద్దాం."

ఫణి ఉలిక్కిపడ్డాడు. ఇంతమంది చూస్తుండగా! ఆయన చెయ్యి చూసి నేర్చుకుందామనే కదా వాళ్లు అంత దూరం నుంచి వచ్చింది!

"సార్, ఇంకా రక్తం రాలేదు కదా" అన్నాడు గొంతు తగ్గించి.

"అందుకే."

ఫణి కెమెరా బయటికి లాగాడు. కింద హాల్లో తెర ఖాళీ అయిపోయింది. మైకులో ఎవరిదో చిన్న నవ్వు వినబడింది. గఫూర్ సార్ తల కూడా తిప్పలేదు. నిదానంగా కోసి, కడుపు తెరిచి, ఫణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు.

ఫణి వేలికింద నాళం తగిలింది. వెచ్చగా, చిరగకుండా ఉంది. ఆవిడ ప్రాణం అక్కడ కొట్టుకుంటోంది.

మద్దిలేటి కడుపులోనూ ఇలాగే అంతా అతుక్కుపోయి ఉంది. ఇలాగే దారి కనబడలేదు. అప్పటికింకా చుక్క రక్తం రాలేదు. ఇక్కడ ఆగి కడుపు తెరిస్తే నయమేమోనని తనకు ఒక్క క్షణం అనిపించింది కూడా. ఆ సంగతి ఫణి ఎవరికీ చెప్పలేదు. తనకు తానే చెప్పుకోలేదు.

అతని కళ్లు నిండిపోయాయి. రెండు చేతులూ ఆవిడ కడుపులో ఉన్నాయి. తుడుచుకునే వీల్లేదు. కన్నీళ్లు కారి మాస్కు తడిసిపోతోంది.

గఫూర్ సార్ ఒకసారి అతనివైపు చూశారు. నాళానికి వేయాల్సిన ముడి తను వేయలేదు. దారం ఫణి వేళ్లకు అందించారు.

"అతని కళ్లు తుడవండి సిస్టర్" అన్నారు. "కనబడాలి."