చెట్టు గొప్పదా, సీతాకోకచిలుక గొప్పదా?

వినండర్రా పిల్లలూ! కుముదపురమని ఒక రాజ్యం. దాన్నేలే రాజుకి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురి పేరు మేఘలేఖ.

పెద్దకొడుకు లోకం చూసొస్తానని ఏడు సముద్రాలు దాటి ఆఫ్రికా అడవులకు వెళ్లాడు. తిరిగి రాలేదు. అన్నను వెతకడానికి రెండోవాడు వెళ్లాడు. వాడూ తిరిగి రాలేదు.

"నేను వెళ్తాను," అంది మేఘలేఖ.

"వద్దు తల్లీ! నువ్వొక్కదానివే మిగిలావు."

"అందుకే వెళ్తున్నాను, నాన్నగారూ," అని ఓడ ఎక్కేసింది.

ఏడు సముద్రాలూ దాటింది. అడవి నడుమ ఏనుగుల మందంత లావు చెట్టు కనబడింది. దాని చుట్టూ జానెడు రెక్కల సీతాకోకచిలుక తిరుగుతోంది. కింద అన్నలిద్దరూ రాతిబొమ్మలై నిలబడి ఉన్నారు. మేఘలేఖకు దుఃఖం ముంచుకొచ్చింది.

కొమ్మ మీది ఊసరవెల్లి గుసగుసగా అంది: "అమ్మాయీ, ఇది కంకాళుడనే మాంత్రికుడి పని. చెట్టు గొప్పదా, సీతాకోకచిలుక గొప్పదా అని అడుగుతాడు. మీ పెద్దన్న చెట్టన్నాడు, రాయయ్యాడు. చిన్నన్న సీతాకోకచిలుకన్నాడు, అతనూ రాయయ్యాడు. ఏది చెప్పినా మంత్రం తగులుతుంది. వాడి ప్రాణం ఆ రెండింట్లో ఒకదాంట్లో ఉంది. దేంట్లోనో నాకూ తెలీదు."

అంతలో కంకాళుడు కాగడా పట్టుకుని రానే వచ్చాడు.

"ఏది గొప్పది?"

"చెప్పను."

"చెబితే వజ్రకిరీటం ఇస్తాను."

"చెప్పను."

"చెప్పకపోతే రెండింటినీ తగలబెడతాను!"

"ఏదీ, కాల్చు చూద్దాం!"

కంకాళుడు రెప్పయినా వెయ్యకుండా కాగడాను సీతాకోకచిలుక మీదికి విసురుగా ఊపాడు. అది చటుక్కున పైకెగిరి తప్పించుకుంది. చెట్టు వైపు తిరిగాడు. కాగడా బెరడు దగ్గరిదాకా వెళ్లి ఆగిపోయింది.

"ఆగావేం?" అంటూనే మేఘలేఖ చెట్టు తొర్రలోకి దూకింది. లోపల నల్లటి తుమ్మెద ఝుమ్మంటోంది. దాన్ని గుప్పిట్లో పట్టుకుంది.

"వదిలెయ్! నా మంత్రాలన్నీ నీకిస్తాను!"

"నాకక్కర్లేదు," అని నలిపేసింది. కంకాళుడు కుప్పకూలి బూడిదయ్యాడు.

అన్నలు కళ్లు తెరిచారు. తెరవగానే, "ఇంతకీ ఎవరి జవాబు సరైంది?" అన్నారు.

"మళ్లీ ఆ మాటెత్తితే ఇద్దర్నీ ఇక్కడే వదిలి పోతాను," అంది చెల్లెలు. అన్నలు పరుగున ఓడెక్కారు.

కూతుర్ని చూసి రాజు ఆనందానికి అంతులేదు. రాజ్యం ఆమెకే ఇస్తానన్నాడు. "ఆడపిల్లకు సింహాసనమా?" అని మంత్రులు గొణిగారు. మేఘలేఖ వాళ్ల కళ్ల ముందే మెట్లెక్కి వెళ్లి కూర్చుంది. మనసుకు నచ్చినవాణ్ణి పెళ్లాడింది. జుట్టు ముగ్గుబుట్టయ్యే దాకా ఏలింది. ఎవరూ దింపలేకపోయారు.