కొంగ కొలత, నత్త కొలత

ఇప్పలకోన అడవిలో కుందేళ్లు, అడవిపందులు, ఉడతలు, ఒక కొంగ, ఒక నత్త ఉండేవి. అందరికీ తలా ఒక పని ఉండేది. కొంగకు మాత్రం రెండు. చేపలు పట్టడం ఒకటి, తన ముక్కును తాను మెచ్చుకోవడం రెండోది.

మెచ్చుకోవడానికి కారణం లేకపోలేదు. ఆ అడవిలో ఏది కొలవాలన్నా కొంగ ముక్కే కొలబద్ద. పుట్ట ఎత్తు రెండు ముక్కులు, బొరియ లోతు మూడు ముక్కులు అని చెప్పుకునేవారు. అందుకే కొంగ ఎప్పుడూ నిటారుగా నిలబడేది. వంగితే తన హోదా కూడా వంగిపోతుందని దాని బెంగ.

ఆ ఏడు వాగు పొంగితే నీళ్లు బొరియల్లోకి రాకుండా కుందేళ్లు రెండు బండల మధ్య మట్టికట్ట వేసుకున్నాయి. పొడవు ఇరవై ముక్కులు. పైన వెడల్పు నాలుగు ముక్కులు, అడుగున పది. రెండు పక్కలా వాలు. కట్ట వెనకే బొరియలో పదకొండు కుందేలు పిల్లలు, ఇంకా కళ్లు తెరవనివి.

వట్టి మట్టి వానకు కరిగిపోతుంది. కాబట్టి కట్టకు పైనా పక్కలా వేళ్లూ మట్టీ అంటిన పచ్చిక పలకలు పరచాలి. ఒక్కో పలక ముక్కెడు పొడవు, ముక్కెడు వెడల్పు. వాటిని కోరలతో కోసిచ్చేది అడవిపందులు. దుంపల కోసం అవి ఆ మధ్యాహ్నమే కొండ దాటి వెళ్లిపోతాయట. ఎన్ని పలకలు కావాలో ముందే చెప్పమన్నాయి.

కొంగ కట్ట పక్కన నిటారుగా నిలబడి ఎత్తు చూసింది. సరిగ్గా నాలుగు ముక్కులు.

"పైభాగానికి ఎనభై పలకలు. పక్కలకు చెరో ఎనభై. మొత్తం రెండు వందల నలభై," అంది.

కట్ట చివర్లకు అక్కర్లేదా అని ఒక ఉడత అడిగింది. అవి బండల్లోకి దూరి ఉన్నాయిగా అంది కొంగ. పోనీ అడుగుభాగానికో అని ఉడత మళ్లీ అడిగింది. అది నేల మీద కూర్చుంది, అక్కడ పచ్చిక వేస్తే వానపాములు తప్ప ఎవరూ చూడరు అంది కొంగ. అందరూ నవ్వారు. ఇంతవరకు కొంగ తెలివికి వంక పెట్టలేం.

అప్పుడే నత్త కట్ట మీదికి చేరింది. తెల్లవారగానే వాలు అడుగు నుంచి బయలుదేరింది పాపం. దాని వెనక తడి చార మెరుస్తోంది.

"మామా, ముక్కెడు దూరానికి నాకు నూరు పాకుళ్లు. ఈ వాలుకు అయిదు వందలు పట్టాయి. అంటే అయిదు ముక్కులు. పక్కకు వంద చొప్పున మొత్తం రెండు వందల ఎనభై పలకలు కావాలి," అంది.

దారిలో కునుకు తీసి రెండుసార్లు లెక్కపెట్టి ఉంటావని కొంగ వేళాకోళం చేసింది.

"మీరు కొలిచింది గాలిని. నేను కొలిచింది మట్టిని. పచ్చిక గాలికి పరుస్తామా మామా? నా చార మీద మీ ముక్కు ఆనించి చూడండి," అంది నత్త.

ఆనించాలంటే వంగాలి. కొంగ వంగలేదు. పందులు రెండు వందల నలభై కోసిచ్చి వెళ్లిపోయాయి.

కుందేళ్లు పైనుంచి కిందికి పలకలు పరుచుకుంటూ వచ్చాయి. పలకలు అయిపోయాయి, కట్ట అయిపోలేదు. రెండు పక్కలా కట్ట పాదం దగ్గర ముక్కెడు మేర ఎర్రమట్టి బోసిగా మిగిలింది. నీళ్లు ముందు కొరికేది అక్కడే.

కొంగ అటూ ఇటూ చూసి, మెల్లగా వంగి, నత్త ఎక్కివచ్చిన దారి వెంట పలకల మీద ముక్కు ఆనిస్తూ కిందికి వచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇంకొకటి మిగిలింది.

కొండ మీద ఉరిమింది.

తల్లి కుందేలు కోప్పడలేదు. "మామా, పిల్లల్ని ఎక్కడికి మోసుకుపోను?" అని మాత్రం అడిగింది.

కొంగ పచ్చిక బయలుకు ఎగిరిపోయి ముక్కుతో నేల తవ్వడం మొదలుపెట్టింది. ముందు వాగు వైపు వేయించండి అని నత్త చెప్పింది. ఈసారి కొంగ విన్నది. ఇరవయ్యో పలక పడేసరికి వాన మొదలైంది. ముప్పయ్యో పలక పడేసరికి తెల్ల కొంగ ఎర్ర కొంగ అయింది. నలభయ్యో పలక కింద రాయి తగిలి, ముక్కు కొస పుటుక్కున విరిగింది. ఆ పలకను అది మిగిలిన ముక్కుతోనే మోసుకొచ్చింది. కుందేళ్లు దాన్ని కాళ్లతో తొక్కి అదిమాయి.

వాగు పెరిగింది. కట్టను తాకింది. పచ్చిక దాటలేక అక్కడే ఆగింది. బొరియలో పదకొండు పిల్లలూ నిద్రలోనే ఉన్నాయి.

ఆ ముక్కుతో ఇప్పుడు ఎవరూ ఏదీ కొలవరు. అది ఎంత పొట్టిదయిందో కొంగకే తెలియదు మరి. ఇప్పలకోనలో ఏది కట్టినా నత్త పాకిన చారే కొలత. పూట పట్టినా ఎవరూ తొందరపెట్టరు. నత్తను పని దగ్గరికి మోసుకొచ్చేది మాత్రం కొంగే. విరిగిన ముక్కు మీద ఎక్కించుకుని తెచ్చి, నేల దాకా వంగి, జాగ్రత్తగా దించుతుంది.

నీతి: నిక్కి చూసినవాడి అంచనా కంటే, నేలను తాకి నడిచినవాడి లెక్కే నిలుస్తుంది.